చివరి పదహారు పేజీలు

సస్పెన్స్ నవలల్లో పేరు మోసిన రచయిత గారొకరు తమ తాజా నవల్లో మా బిట్రగుంటకు ఒకటిన్నర పేజీ దయచేశారు. ఎక్స్‌ప్రెస్ రైల్లో ఒక కాంట్రాక్టరు హత్య జరుగుతుంది. రైలు మా స్టేషన్లో ఆగుతుంది. అదే పెట్టెలో ప్రయాణిస్తున్న పోలీసు ఇన్‌స్పెక్టరు దిగి, ప్లాట్‌ఫారం మీద టీ తాగి, ఏదో ఆలోచిస్తూ మళ్లీ ఎక్కుతాడు. అంతే. ఆ టీ పుణ్యమా అని మా ఊళ్లో చదువుకున్నవాళ్లు మూడు వారాల పాటు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

నేను రిటైరైన రైల్వే గార్డుని. ముప్పై నాలుగేళ్లు రైలు చివరి పెట్టెలో కూర్చుని ఉద్యోగం చేశాను. ఏ ఊరైనా సరే, మిగతా రైలంతా దాటిపోయాకే నా కంటికి కనపడేది. రిటైరైనా ఆ జబ్బు నన్ను వదల్లేదు.

మాలాంటి వాళ్లం కొందరం కలిసి కాలనీ పక్కన అద్దె గదిలో రీడింగ్ రూము నడుపుతున్నాం. పాత డ్రైవర్లు, ఫైర్‌మన్లు, క్లర్కులు, వాళ్ల భార్యలు, అందరూ కలిపి ఒక ముప్పై మందిమి ఉంటాం. బొగ్గు ఇంజన్ల రోజుల్లో కళకళలాడిన కాలనీ ఇది. ఇప్పుడు సగం క్వార్టర్లకు తాళాలు. మిగిలిన మేము పొద్దున బీపీ మాత్ర వేసుకుని, సాయంత్రం దాకా హత్యలు చదువుకుంటాం. మా సెక్రటరీ రిటైరైన లోకో డ్రైవరు. ఇంజన్ మోతలో మాట్లాడడానికి పెంచుకున్న గొంతును ఆయన పదిహేనడుగుల గదిలో కూడా తగ్గించడు.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. కొత్త సస్పెన్స్ నవల వస్తే, ఆఖరి సభ్యుడు చదివి ముగించేదాకా హంతకుడి ఊసు ఎవరూ ఎత్తకూడదు. పేరు చెప్పకూడదు, సైగ చేయకూడదు, ఆడో మగో కూడా అనకూడదు. నోరు జారినవాడు తర్వాత వచ్చే నవలకు వరసలో అందరికన్నా చివర. ఒకసారి ఒక క్లర్కు గారు ఆపుకోలేక చెప్పేశారు. ఆ తర్వాత వచ్చిన నవల ఆయన చేతికి అందేసరికి దాని కథ ఊళ్లో కాకులకు కూడా తెలిసిపోయింది. మొగుడూ పెళ్లాల మధ్య కూడా ఇదే కట్టుబాటు. మా ఇంట్లో అయితే చర్చిలో చేసిన పెళ్లి ప్రమాణాల కన్నా దీన్నే గట్టిగా పాటిస్తాం. అందరూ చదివాక ఒక ఆదివారం మీటింగు పెట్టుకుని, అప్పుడు నోళ్లు విప్పుతాం. అప్పటిదాకా 'ముగింపు' అనే ఒక్క మాట పట్టుకుని కొట్టుకోవడమే.

ఇక మా బైండరు సంగతి చెప్పాలి. స్టేషను వెనక సందులో ఉంటాడు. డెబ్బై దాటిన సాయిబు. నేను భాయ్ అంటాను, ఆయన నన్ను గార్డు సార్ అంటాడు. వారపత్రికల్లో వచ్చే సీరియళ్లను కాలనీ ఆడవాళ్లు చించి దాచి ఇస్తే, వాటిని వరసలో పేర్చి, కుట్టి, కాలికో గుడ్డతో అట్ట కట్టి ఇచ్చిన మనిషి. ఆ పత్రికలు పోయాయి, ఆ ఆడవాళ్లూ చాలామంది పోయారు. మిగిలింది మా రీడింగ్ రూము పని ఒక్కటే. దాని కూలి ఆయన టీలకు కూడా చాలదు. కానీ కొత్త పుస్తకం అందరికన్నా ముందు ఆయన చేతిలో పడుతుంది. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి గానీ సూదిలో దారం ఎక్కించడు. ఈ రచయిత గారంటే ఆయనకు ప్రాణం. మొదటి సీరియల్ నుంచి ఒక్కటీ వదలకుండా చదివినవాడు, కట్టినవాడు. రీడింగ్ రూము పని పోతే ఆయనకు పుస్తకాలే పోతాయి. కొనుక్కుని చదివే స్తోమత లేదు.

ఆ పని ఊడబెరకాలని మా సెక్రటరీకి ఏడాదిగా ఒకటే దురద. పుస్తకాలకు ప్లాస్టిక్ అట్టలు వేసే మిషను ఒకటి కావలిలో చూసొచ్చాడు. చూసొచ్చినప్పటి నుంచి ఆయనకు మరో ధ్యాస లేదు. దానికి తగ్గట్టు అంతకు ముందు ఒకసారి భాయ్ ఒక పుస్తకంలో నాలుగు పేజీలు తలకిందులుగా కుట్టేశాడు. పుస్తకం తిప్పి చదువుకుంటే సరిపోయేదానికి సెక్రటరీ పెద్ద పంచాయితీ పెట్టాడు.

"ఆయనకు కండ్లు కనపడ్డం లేదబ్బా. ఇంగొక్క తప్పు జరిగిందంటే బైండింగు ఆపేసి మిషను తెచ్చేస్తా, మళ్లా నన్నడగబాకండి" అన్నాడు.

"జరగదు. నాదీ పూచీ" అన్నాను నేను. పూచీలు ఇవ్వడం సుళువు. గార్డు ఉద్యోగంలో పచ్చజెండా ఊపినంత సుళువు.

ఈ నవల వచ్చిందని తెలిసిన రోజు రీడింగ్ రూము ముందు జనం చేరారు. మా ఊరి పేరు అచ్చయిందని ఎవరో ఫోను గ్రూపులో పెట్టారు మరి. అందుకని ఎన్నడూ లేనిది రెండు కాపీలు తెప్పించాం. ఒకటి బైండింగు దాకా ఆగే ఓపిక లేక కాగితపు అట్టతోనే తిరగడం మొదలుపెట్టింది. రెండోది భాయ్ దగ్గరికి వెళ్లి, నాలుగు రోజుల్లో ఎర్ర కాలికో కట్టుకుని వచ్చింది. నేను కాగితపు అట్ట కాపీ చదివాను. మా ఆవిడ ఎర్రట్ట కాపీ చదివింది. మేము ఒకరి పుస్తకం ఒకరు ముట్టుకోం. నేను పేజీ మూల మడుస్తానని ఆమె బాధ, ఆమె పేజీల మధ్య కరివేపాకు రెబ్బలు పెడుతుందని నా బాధ.

చదివినవాళ్లు పుస్తకం వెనక పెన్సిలుతో అభిప్రాయం రాయడం మాకు ఆనవాయితీ. కాగితపు అట్ట కాపీ వెనక పేజీ వారం తిరక్కుండా నిండిపోయింది. రాసినవాళ్లందరూ రైల్వే వాళ్లేనని వేరే చెప్పక్కర్లేదు. "ఈ రైలుకు బిట్రగుంటలో హాల్టు లేదు." "లూప్ లైనులోకి తీసుకుంటే ఆ వేగం అసాధ్యం, రచయిత గారు ఒకసారి ఇంజనెక్కి చూడవలెను." "మనిషి ఏసీ పెట్టె నుంచి జనరల్ పెట్టెలోకి లోపలి నుంచే ఎట్లా నడిచివచ్చెను? మధ్యలో పాంట్రీ కారు తలుపు మూసి ఉండును." ఈ చివరిది నాది. 'ఉండును' అని రాస్తే విమర్శకు కాస్త బరువొస్తుందని నా నమ్మకం. ఒక పాత ఫైర్‌మన్ అయితే ఇన్‌స్పెక్టరు తాగిన టీ కొట్టు ఆ ప్లాట్‌ఫారం మీద లేనే లేదని బొమ్మ గీసి మరీ చూపించాడు. శవం పడి ఉన్న బెర్తు నంబరు సైడ్ లోయరా కాదా అన్న దాని మీద ఇద్దరు డ్రైవర్లు మాటలు మానేశారు. పాపం, శవాన్ని పట్టించుకున్నవాడు లేడు.

ఎర్రట్ట కాపీ చదివినవాళ్ల ధోరణి వేరు. వాళ్లు గాల్లో తేలిపోతున్నారు. "ఎంత ధైర్యమైన ముగింపు." "పాఠకుడి మీద ఎంత గౌరవం." "తలుపు తెరుచుకుంది, మన మనసూ తెరుచుకుంది." ఈ చివరి వాక్యం మా ఆవిడది. హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైంది కనక ఆమెకు రాసే హక్కుంది. ఎర్రట్ట వర్గానికి నాయకురాలు కూడా ఆమే.

అన్నం వడ్డిస్తూ కూడా అదే గోల.

"ఆ ముగింపు మీకెందుకు నచ్చలేదో నాకు తెలుసు లెండి. మీకు అన్నీ సిగ్నలు ఇచ్చినట్టు చెప్పాల. పచ్చయితే పచ్చ, ఎర్రయితే ఎర్ర" అనేది.

"ముగింపంటావా? చివర్న ఎవణ్ణో ఒకణ్ణి పట్టుకొచ్చి నిలబెట్టినాడు. పాంట్రీ కారు తలుపు..." అనబోయి నాలిక కరుచుకునేవాణ్ణి. ఎవణ్ణో ఒకణ్ణి అంటే మగాడని చెప్పేసినట్టే గదా. ఆమె కూడా చెవులు మూసుకునేది. అసలు విషయం తప్ప అన్నీ మాట్లాడుకున్నాం.

ఫోను గ్రూపులో రోజుకు అరవై మెసేజీలు. పొద్దున్నే వచ్చే గులాబీల బొమ్మలు, బైబిలు వాక్యాలు కూడా ఆగిపోయాయి. ఎర్రట్ట వాళ్లు మమ్మల్ని రసికత లేని ఇంజను మొహాలన్నారు. మేము వాళ్లను కిరీటాల్లేని విమర్శక చక్రవర్తులన్నాం. ఆదివారం చర్చి ఆరాధనలో చేతులు కలిపి శాంతి సమాధానాలు చెప్పుకునే చోట కూడా ఒక క్లర్కు గారి భార్య మా ఆవిడకు చెయ్యి అందించలేదు. దేవుడి ఎదుట పట్టిన పంతం పుస్తకం గురించని ఆయనకు తెలిస్తే సంతోషించేవాడో ఏడ్చేవాడో నాకు తెలియదు.

ఈ గొడవంతా భాయ్‌కి చెప్పి నవ్విద్దామని ఒకటి రెండుసార్లు వెళ్లాను. మామూలుగా అయితే నవల గురించి ఆయనే మొదలుపెడతాడు. ఈసారి "మీటింగు అవనీండి సార్" అనేసి, జిగురు గిన్నె కలుపుకుంటూ కూర్చున్నాడు. కట్టుబాటుకు అంతగా విలువిచ్చేవాడు ఈయనొక్కడేనని మెచ్చుకుని వచ్చేశాను. నా తెలివికి నేనే మురిసిపోయిన సందర్భాల్లో అదొకటి.

మూడో వారం శనివారం పొద్దున, ఆఖరి సభ్యుడు చదవడం ముగించాడని సెక్రటరీ గ్రూపులో పెట్టాడు. రేపు మీటింగు, నోళ్లు విప్పుకోవచ్చని అనుమతి. మేమిద్దరం ఇడ్లీలు తింటున్నాం. మా ఆవిడ చెయ్యి కూడా కడుక్కోకుండా మొదలుపెట్టింది.

"ఇప్పుడు చెప్పండి. హంతకుడెవరో చెప్పకుండా వదిలేస్తే మీకొచ్చిన నష్టమేంది?"

"చెప్పకుండా వదిలేసింది ఎవరు?"

"రచయిత. ఇంకెవరు?"

"చెప్పినాడు గదే. ఆ కూజా ముసలాయన. రైల్లో అందరికీ నీళ్లు పోసి, పిల్లోళ్లకు ఖర్జూరాలు పెట్టిన సాయిబు. ఆయనే."

మా ఆవిడ నా వైపు చూసిన చూపు, వెనకటికి పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల వైపు చూసిన చూపే. వెళ్లి రీడింగ్ రూము నుంచి రెండు పుస్తకాలూ తెచ్చి పక్కపక్కన పెట్టాం. ఎర్రట్ట పుస్తకం, ఇన్‌స్పెక్టరు పెట్టె తలుపు మీద చెయ్యి వేసి "నువ్వెవరో నాకు తెలుసు" అన్న దగ్గర, 'తలుపు తెరుచుకుంది' అన్న మాటతో అయిపోయింది. ఆ తర్వాత తెల్ల కాగితం, అట్ట. కాగితపు అట్ట పుస్తకంలో ఆ తలుపు వెనక ఇంకో పదహారు పేజీలున్నాయి. పుస్తకాలు పదహారు పేజీల ఫారాలుగా అచ్చవుతాయని నాకు భాయే చెప్పాడు. ఒక ఫారం మొత్తం ఎగిరిపోయింది.

నేను ఎంత నవ్వానంటే పొలమారి నీళ్లు తాగాల్సి వచ్చింది. ధైర్యమైన ముగింపట. పాఠకుడి మీద గౌరవమట. సమాప్తం అని కూడా వేయని సాహసమట. మా ఆవిడ మూతి ముడుచుకుని ఆ పదహారు పేజీలూ అక్కడే చదివి, "ఓస్, ఇంతేనా. నా ముగింపే బాగుండాది" అని పుస్తకం మూసేసి గిన్నెలు తోముకోవడానికి వెళ్లిపోయింది.

గెలిచిన ఆనందంలో మనిషికి ఒళ్లు తెలియదు. అప్పటికప్పుడు సెక్రటరీకి ఫోను చేసి సంగతంతా పూసగుచ్చినట్టు చెప్పేశాను. అవతల ఆయన కూడా పగలబడి నవ్వాడు. నవ్వి, తేరుకుని, "అయితే సాయిబు పని అయిపోయినట్టే. రేపు మీటింగుకు పిలిపిస్తా. అందరి ముందరా తీర్మానం పెట్టి మిషను తెస్తా" అన్నాడు.

ఫోను పెట్టేశాక గుర్తొచ్చింది నాకు, పూచీ ఇచ్చింది నేనేనని. చెప్పాను గదా, ఊరు దాటాకే నాకు కనపడుతుంది.

చొక్కా తగిలించుకుని స్టేషను వెనక సందుకు పరిగెత్తినంత పని చేశాను. భాయ్ వసారాలో కూర్చుని, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేసిన మైదా జిగురు ఉడికిస్తున్నాడు. పక్కన చదివి మడిచిన ఆ రోజు పేపరు ఉంది. కళ్లద్దాలు లేవు. ఆయనకు ఎన్నడూ లేవు.

"భాయ్, కొంప మునిగింది. ఎర్రట్ట పుస్తకంలో చివరి ఫారం కుట్టడం మరిచిపోయినావు" అన్నాను.

ఆయన జిగురు గిన్నె దించి, చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్లాడు. ఒక పాత కేలండరు కాగితంలో చుట్టిన పొట్లం తెచ్చి నా చేతిలో పెట్టాడు. విప్పి చూస్తే పదహారు పేజీలు, నలక్కుండా, మడత పడకుండా ఉన్నాయి.

"మరిచిపోలేదు సార్" అన్నాడు. "కుట్టలా."

నాకేమీ అర్థం కాలేదు. అర్థం కానప్పుడు నేను సెక్షన్ కంట్రోలరు లాగా ప్రశ్నలు వేస్తాను. ఎందుకు, ఎప్పుడు, ఎవరు చెప్పారు అని గుక్క తిప్పుకోకుండా అడిగాను.

"మీరు చదివినారు గదా సార్ ఇది?"

"చదివినా. పాంట్రీ కారు తలుపు దగ్గర ఆయన పూర్తిగా..."

"ఆ ముసలోడు ఎందుకు చంపినాడు సార్?"

నోరు తెరిచాను. ఏదో ఒక కారణం ఉండే ఉంటుంది, లేకపోతే అంత పెద్ద రచయిత ఎలా రాస్తాడు. ఆస్తి తగాదానా? పాత పగా? పదహారు పేజీలూ మనసులో తిప్పాను. రైలు వేగం గుర్తుంది, లూప్ లైను గుర్తుంది, మూసిన తలుపు గుర్తుంది. కారణం మాత్రం గుర్తు రాలేదు.

"లేదు సార్, వెతకబాకండి. రాయలేదు" అన్నాడు ఆయన. "మిగతావాళ్లలో ఒక్కొక్కరికీ ఒక్కో కారణం పెట్టినాడు. తమ్ముడికి పొలం, భార్యకు అవమానం, డాక్టరుకు పాత పగ. ఈ ముసలోడికి మాత్రం ఏమీ పెట్టలేదు. కండ్లలో క్రూరత్వం కనపడిందని రాసినాడు, అంతే. సాయిబని చెప్తే చాలు, ఇంగ కారణం ఎందుకు అనుకున్నాడేమో. నలభై ఏళ్లుగా ఆయన రాసినవన్నీ కట్టినా సార్. మా ఇంట్లో ఈయన పుస్తకాలకు అన్నం ముద్ద కన్నా ఎక్కువ మర్యాద. ఆ రాత్రి పేజీలు పేర్చుకుంటా ఉంటే, ఆ కూజా ముసలోడు మా నాయన మాదిరి ఉండాడే అనుకుంటా చదివినా. చివరికొచ్చేతలికి ఇట్ట చేసినాడు. సూది గుచ్చబోతే చెయ్యి రాలేదు. ఆ ఫారం సరిగ్గా తలుపు కాడ తెగింది. సరేలే, ఆడ ఆగిపోనీ అనుకున్నా."

నేను తిన్నె మీద కూలబడ్డాను. సిగ్గేసింది. ఏదో కొద్దిగా కాదు, చెవులు వేడెక్కేంత సిగ్గు.

"మీకు గుర్తుండాదా సార్" అన్నాడు ఆయనే మళ్లీ. "ముందొక నవల్లో చర్చికి పొయ్యే నర్సమ్మను తాగుబోతుగా రాసినాడని అమ్మగారు ఎంత కోప్పడిందో. ఆ దినం నేను మీ ఇంట్లోనే ఉండా. అవునమ్మా, తప్పు రాసినాడని నేనూ అన్నా."

గుర్తుంది. మా ఆవిడ ఆ రోజు రచయితకు ఉత్తరం కూడా రాసింది. నేను తల ఊపి మద్దతు ఇచ్చాను. అదే మా ఆవిడ, ఇవాళ పొద్దునే ఈ పదహారు పేజీలూ చదివి, ఓస్ ఇంతేనా అంది. అదే నేను, ఇరవై రోజులు ఒక తలుపు గురించి వాదించాను. ముప్పై మందిమి ముగింపు బాగుందా లేదా అని కొట్టుకున్నామే గానీ, పూర్తి పుస్తకం చదివిన సగం మందిలో ఒక్కరి పెన్సిలు కూడా ఆయన అడిగిన ప్రశ్న అడగలేదు.

"రేపు నేను చెప్తా భాయ్. ఇదంతా మీటింగులో చెప్తా. ఎవడు నిన్ను తీసేస్తాడో చూస్తా" అన్నాను. ఇరవై రోజుల సిగ్గును ఒక్క ఉపన్యాసంతో కడిగేసుకోవచ్చని నాకు ఉత్సాహం వచ్చేసింది.

ఆయన గాభరా పడ్డాడు. నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు సార్. మీకు దండం పెడతా. చెప్తే ఏమంటారు? సాయిబుకు రోషమొచ్చి పుస్తకం చించినాడంటారు. గ్రూపులో పెడతారు. అది కావలి దాకా పోతాది. నా మనవరాలు కావలి కాలేజీలో చదవతా ఉండాది. కండ్లు కనపడక తప్పు జేసినాడనే చెప్పనీండి. ముసిలోడు, గుడ్డోడు, పాపం అంటారు. పని తీసేస్తే తీసెయ్యనీండి. ఇది మాత్రం చెప్పబాకండి. మాటియ్యండి."

మాట ఇచ్చాను. మళ్లీ ఒక పచ్చజెండా.

ఆదివారం మధ్యాహ్నం మీటింగుకు మా రీడింగ్ రూము చరిత్రలో లేనంత మంది వచ్చారు. రెండు వర్గాల వాళ్లూ చెరో గోడ వారన కూర్చున్నారు. సెక్రటరీ రెండు పుస్తకాలూ ఎత్తి పట్టుకుని, పేజీలు పోయిన సంగతి చెప్పగానే గది గొల్లుమంది. మా వర్గం వాళ్లు బల్లలు చరిచారు. "తలుపు తెరుచుకుందట" అని ఎవరో అంటే పొట్టలు పట్టుకుని నవ్వారు. ఎర్రట్ట వాళ్లు మొహాలు మాడ్చుకున్నారు. అయితే వాళ్లకు వెంటనే ఒక దారి దొరికింది. తప్పు తమది కాదు, బైండరుది. అంతే, ఇరవై రోజులుగా పలకరించుకోనివాళ్లు కూడా ఒకరి వైపు ఒకరు తిరిగి, అయ్యో మనల్ని ఇంత మోసం చేసిందా ఆ కుట్టు అని చెప్పుకోసాగారు. అప్పుడే క్లర్కు గారి భార్య మా ఆవిడ పక్కన వచ్చి కూర్చుంది.

భాయ్ గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా, టోపీ. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఏం భాయ్, పదారు పేజీలు యాడ పోగొట్టినావు?" అన్నాడు సెక్రటరీ.

"పోలేదు సార్, ఇంట్లోనే ఉండాయి. గార్డు సార్‌కి ఇచ్చినా. కండ్లు మందగించి చూసుకోలేదు. తప్పయింది."

"చూసినారా, ఏడాదిగా నేను చెప్తుండేది ఇదే" అని సెక్రటరీ అందరి వైపు తిరిగాడు. మా మనిషి చెడ్డవాడు కాదు. తీర్పు న్యాయంగా ఉండాలని అనిపించిందేమో, నా చేతిలోని పొట్లం తీసుకుని, ఒక పేజీ బయటికి లాగి భాయ్‌కి అందించాడు. "రేపు ఎవురూ నన్ననకూడదు. ఇంద, ఒక లైను చదువు చూద్దాం. చదివితే ఇంగో అవకాశం ఇద్దాం. ఏమంటారు?"

అందరూ సరే అన్నారు. చాలా సంతోషంగా అన్నారు. మంచివాళ్లమని అనిపించుకోవడానికి ఖర్చు లేని అవకాశం అది.

ఆయన ఆ పేజీ పట్టుకున్నాడు. అది ఏ పేజీనో నేను కూర్చున్న చోటు నుంచి నాకు తెలుస్తోంది. ఇన్‌స్పెక్టరు కూజా ముసలాయన చొక్కా పట్టుకుని ఈడ్చే పేజీ. దాని మీద అక్షరాలు పెద్దవే. నిన్న కళ్లద్దాలు లేకుండా పేపరు చదివిన మనిషి. ఒక్క లైను చదివితే ఆయన పుస్తకాలు ఆయనకు దక్కుతాయి. కానీ చదవగలడని తెలిస్తే, మరి ఎందుకు కుట్టలేదని అడుగుతారు. ఆయన కళ్లు మొదటి లైను మీద ఎడమ నుంచి కుడికి కదలడం నేను చూశాను. రెండో లైను మీద కూడా. తర్వాత పేజీని కొంచెం దూరంగా జరిపి, దగ్గరికి తెచ్చి, వెనక్కి ఇచ్చేశాడు.

"కనపడలేదు సార్" అన్నాడు.

అయ్యో పాపం అని గదంతా ఒక్క గొంతుతో అంది. మా ఆవిడ లేచి నా దగ్గరికి వచ్చి వంగి, "ఈయన మనింట్లో బైబిల్లో చిన్నక్షరాలు కూడా చదివేవాడు గదండీ. మీరు పూచీ ఉండారు గదా, ఏదన్నా చెప్పండి" అంది. నేను చెప్పలేదు. మాట ఇచ్చాను కాబట్టి చెప్పలేదని ఇప్పటికీ చెప్పుకుంటున్నాను. అది సగం నిజం. చెబితే ఎవరో ఒకరు లేచి, నువ్వు అది ముందే చదివావు గదా, నీకెందుకు కనపడలేదు అని అడుగుతారు. ఆయన ఒక పేజీ కనపడలేదని అబద్ధం చెప్పాడు. నాకు పదహారూ నిజంగానే కనపడలేదు.

సెక్రటరీ తీర్మానం చదివాడు. బైండింగు పని నిలిపివేయడం, మిషను తెప్పించడం. సమ్మతించేవాళ్లు చేతులెత్తండి అన్నాడు. అటు వర్గం లేచింది, ఇటు వర్గం లేచింది. కాసేపటికి నాది తప్ప గదిలో ఉన్న చేతులన్నీ పైకి లేచాయి. మా ఆవిడది కూడా, సగం దాకా. అందరూ నా వైపు చూస్తున్నారు. ఎందుకు ఎత్తలేదని ఎవరైనా అడిగేలోపు, నేనూ ఎత్తాను.

ఏకగ్రీవం అని సెక్రటరీ రాసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడిన మనిషి నా చెయ్యి చూశాడు. చూసి, నేను మాట నిలబెట్టుకున్నందుకు తృప్తిగా తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.